గోలు ముందు సామ్యేలు

నడికుడి జంక్షన్‌లో గూడ్స్ షెడ్డు వెనక ఒక ఖాళీ జాగా ఉంది. రైల్వేవాళ్లు దాన్ని గ్రౌండ్ అంటారు గానీ సగం కంకర, మిగతా సగం తుమ్మ మొక్కలు. దేవిక బడి నుంచి ఇంటికి పోయే అడ్డదారి దాని మీదుగానే. ఆమెకి పదకొండేళ్లప్పుడు ఒక సాయంత్రం అటుగా వస్తుంటే, పట్టాల మీద పనిచేసే సామ్యేలు షెడ్డు గోడకేసి బంతి విసిరి, తిరిగొచ్చిన దాన్ని ఎగిరి పట్టుకుంటూ కనిపించాడు. మనిషికి నలభై దాటాయి. ఒకప్పుడు రైల్వే డివిజన్ ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్. జట్టుని ఎత్తేసి ఏళ్లయినా అతనికి ఆ పిచ్చి పోలేదు.

దేవిక పుస్తకాల సంచీ కింద పెట్టి కాసేపు చూసింది.

"సామ్యేలూ, ఆ గోడ కంటే నేను గట్టిగా కొడతా" అంది.

ఆమె బ్రహ్మయ్య కూతురు. మిరప, పత్తి పండించే పెద్ద ఆసామి ఇంటి పిల్ల. ఆ ఇంట్లో సామ్యేలు లాంటివాళ్లని పిల్లలు కూడా పేరు పెట్టే పిలిచేవాళ్లు. అందులో తప్పుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. సామ్యేలు నవ్వి బంతిని ఆమె కాళ్ల దగ్గరికి దొర్లించాడు.

"కొట్టండి అమ్మాయిగారూ, చూద్దాం."

దేవిక చెప్పులు విడిచి కొట్టింది. అతను కదలకుండా పట్టుకున్నాడు. మళ్లీ కొట్టింది. మళ్లీ పట్టుకున్నాడు. గుంటూరు పాసింజరు వచ్చి వెళ్లేదాకా కొడుతూనే ఉంది. ఒక్కటీ అతన్ని దాటలేదు. ఉక్రోషంతో ఏడుస్తూ ఇంటికి పోయి, మర్నాడు బడి గంట కొట్టగానే పరిగెత్తుకుంటూ వచ్చింది.

ఆట నేర్పేవాళ్లు మామూలుగా గోలు ఎలా కొట్టాలో చెబుతారు. సామ్యేలుకి అది తెలియదు. అతనికి తెలిసిందల్లా గోలు దగ్గర నిలబడ్డవాడికి ఏది కష్టమో, అదొక్కటే. దాన్నే దాచుకోకుండా ఆమెకి అప్పజెప్పాడు.

"ఎత్తుగా వచ్చే బంతి చూసేదానికి బాగుంటది. కానీ నాకు ఎగిరేదానికి టైముంటది. అదే నా కాళ్ల పక్కన నేలబారుగా వచ్చిందనుకో, ఇంత పొడుగు మనిషిని వంగాలా! వంగేలోపల పోయిద్ది" అనేవాడు.

"నువ్వు సర్దుకుంటన్నావంటే నేను కూడా సర్దుకుంటా. నా కాళ్లు నేలకి కుదరక ముందే కొట్టెయ్యి" అనేవాడు.

"నేను ఆపాను గదా అని ఆగబాక. చేతుల్లోంచి జారిద్ది. జారిన కాడ నువ్వుండాల."

మూడు వారాలు గడిచేసరికి అతని నోట్లోంచి 'అమ్మాయిగారు' పోయింది. గోలు ముందు అలాంటి మర్యాదలు కుదరవు. ఆమె నోట్లోంచి 'సామ్యేలు' కూడా పోయింది. ఎవరూ చెప్పకుండానే 'మాస్టారూ' అని పిలవడం మొదలుపెట్టింది.

రెండేళ్లకి పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. బ్రహ్మయ్య సర్పంచ్‌గా నిలబడ్డాడు. ఎదుటి పార్టీవాళ్లకి ఆయన మీద చెప్పడానికి ఏమీ దొరకలేదు. కూతురు దొరికింది. ఆడపిల్లకి నిక్కరు వేసి, పేటవాడి దగ్గరికి ఆటకి పంపిస్తున్నాడని బడ్డీ కొట్ల దగ్గర చెప్పుకున్నారు. బ్రహ్మయ్య ఇంటికొచ్చి కండువా మంచం మీదికి విసిరాడు.

"రేపట్నుంచి ఆ గ్రౌండ్ వైపు పోయావంటే కాళ్లు ఇరగ్గొడతా."

దేవిక గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. బ్రహ్మయ్య తల్లి రామాయమ్మ అరుగు మీద ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది.

"ఇరగ్గొడితే ఏం లాభంరా? ఆళ్ల నోళ్లు మూతపడాల, అంతేగా? రేపట్నుంచి పిల్లెంబడి నేను పోతా. నేను కూర్చున్న కాడికొచ్చి ఎవడు మాట్లాడతాడో చూస్తా."

అన్నట్టే పోయింది. చంకన పీట, చేతిలో మిరపకాయల బుట్ట. సాయంత్రం నాలుగున్నరకి గోలు పక్కన పీట వేసుకుని కూర్చునేది. రెండు సరుగుడు గుంజలకి సామ్యేలు సాగర్ నుంచి తెచ్చిన పాత చేపల వల కట్టాడు. బంతి ఆ వలలో పడ్డప్పుడల్లా రామాయమ్మ చేయి ఆగేది.

"ఒరేయ్ సామ్యేలూ, అది లోపలికి పోతే పిల్ల గెలిచినట్టా, నువ్వు గెలిచినట్టా?"

"పిల్లేనండి, అమ్మగారూ."

"మరి నువ్వెందుకురా నవ్వుతున్నావ్?"

సామ్యేలు బంతి తీసుకోవడానికి వంగేవాడు. ఆ ఎన్నికల్లో బ్రహ్మయ్య నలభై ఓట్లతో గెలిచాడు. ఆ తర్వాత కూతురి ఆట గురించి ఆయన మంచీ చెడూ మాట్లాడలేదు.

జిల్లా, రాష్ట్రం దాటి, పంతొమ్మిదో ఏట దేవికకి కలకత్తాలో ఒక క్లబ్బు నుంచి పిలుపొచ్చింది. జీతమిచ్చి ఆడించుకుంటామన్నారు. తొమ్మిదో నంబరు చొక్కా ఇచ్చారు. గోల్స్ కొట్టేవాళ్లకి ఇచ్చే చొక్కా అది. ఎనిమిది మ్యాచ్‌లు ఆడినా ఆమె ఒక్క గోలు కొట్టలేదు. తొమ్మిదో మ్యాచ్‌కి కోచ్ ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టాడు. హాస్టల్లో ఆమె భాష వచ్చినవాళ్లు లేరు. ఒక మధ్యాహ్నం సామ్యేలుకి ఫోన్ చేసింది.

"మాస్టారూ, నేను వచ్చేస్తన్నా. ఇది నావల్ల కాదు."

సామ్యేలు "తిండి తింటన్నావా?" అని మాత్రం అడిగి పెట్టేశాడు.

నాలుగో రోజు పొద్దున ప్రాక్టీసు మధ్యలో గేటు దగ్గర ఎవరో వాచ్‌మన్‌తో సైగలతో మాట్లాడుతూ కనిపించారు. తెల్ల చొక్కా, చేతిసంచీ. సామ్యేలు. రైల్వే పాసు మీద విజయవాడలో బండి మారి అంత దూరం వచ్చాడు. సంచీలో రామాయమ్మ ఇచ్చిన గోంగూర పచ్చడి సీసా ఉంది. దేవిక పరిగెత్తుకెళ్లింది గానీ, అతను చేత్తోనే వెళ్లి ఆడమని సైగ చేసి, గోలు వెనక నిలబడ్డాడు. రెండు గంటలు కదల్లేదు.

ప్రాక్టీసు అయ్యాక ఇద్దరూ గోడ నీడన కూర్చున్నారు.

"నువ్వు ఇప్పుడు చానా అందంగా కొడుతున్నావ్" అన్నాడు.

దేవిక మొహం వెలిగింది.

"ఎవరు చూడాలని?" అన్నాడు అతను వెంటనే. "జనం ఉన్నారని బంతిని ఆపి, సర్ది, మళ్లీ చూసి కొడుతున్నావ్. కీపరుకి కావల్సింది అదే. ఆ పిల్లకి నువ్వు టైము దానం చేస్తన్నావ్."

చెప్పవలసింది అంతే అన్నట్టు లేచాడు. ఉండమంటే ఉండలేదు. ఎల్లుండికి డ్యూటీలో ఉండాలని ఆ సాయంత్రపు బండికే వెళ్లిపోయాడు.

తర్వాతి మ్యాచ్ రెండో సగంలో కోచ్ దేవికని ఆటలోకి దింపాడు. ఎవరో కొట్టిన బంతి గోల్‌కీపర్ చేతుల్లోంచి జారింది. జారిన చోట దేవిక ఉంది. మోకాలికి తగిలి బంతి లోపలికి దొర్లింది. చూడటానికి ఏమాత్రం బాగాలేని గోలు అది. వృత్తిలో ఆమె మొదటి గోలు. ఆ పై మ్యాచ్‌లో రెండు కొట్టింది. ఆ సీజన్ అయ్యేసరికి పదిహేడు.

ఆ తర్వాత వెనక్కి చూడలేదు. కలకత్తాలో నాలుగేళ్లు, కేరళలో మూడు, అక్కణ్నుంచి గోవా. ఎక్కడికి వెళ్లినా ఆ ఏటి పట్టికలో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లలో ఆమె పేరు పైనుండేది. దేశం తరఫున ఆడింది. మొదటిసారి ఆ నీలం చొక్కా వేసుకున్న రోజు రామాయమ్మకి ఫోన్‌లో చూపిస్తే, "చొక్కా కాస్త వదులైందే" అంది. ఆ ఏడాదే ఆవిడ నిద్రలో పోయింది.

ఇరవయ్యేడో ఏట గోవాలో ఒక మ్యాచ్‌లో దేవిక పరిగెత్తుతూ మలుపు తిరిగింది. అడ్డం ఎవరూ లేరు. మోకాలిలో టప్పుమని శబ్దం వచ్చింది. లోపలి నరం తెగిందన్నారు. ఆపరేషన్ అయ్యాక ఇంటికొచ్చి, వారానికి మూడు రోజులు నరసరావుపేటలో రోహిణి అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లేది. బ్రహ్మయ్యే కారులో తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. ఎనిమిది నెలలకి రోహిణి ఆమె మోకాలు వంచి చూసి, "కాలు బాగైపోయింది. ఇంక ఆడుకోవచ్చు" అంది.

కాలు బాగైంది గానీ మనిషి బాగవలేదు. దేవిక బంతి ముట్టుకోలేదు. మెట్లు దిగాలన్నా గోడ పట్టుకునేది. క్లబ్బు నుంచి ఫోన్ వస్తే ఎత్తేది కాదు. బ్రహ్మయ్య రోజూ చూస్తున్నాడు. నెల రోజులు చూశాడు.

ఒక ఉదయం ఆయన నడుచుకుంటూ రైల్వే క్వార్టర్స్‌కి వెళ్లాడు. ఆ సంగతి సామ్యేలు భార్య మహాలక్ష్మి తర్వాత ఎప్పుడో చెబితే గానీ దేవికకి తెలియలేదు. అన్నేళ్లలో సామ్యేలు ఆయన వాకిట్లో నిలబడి ఎన్నోసార్లు మాట్లాడి వెళ్లాడు. ఆయన సామ్యేలు గడప తొక్కడం అదే మొదలు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు ఆగిపోయాడట. మహాలక్ష్మి కుర్చీ వేసింది. కూర్చున్నాడు. టీ ఇస్తే చివరిదాకా తాగాడు.

"పిల్ల బంతి ముట్టుకోవట్లా" అన్నాడు. "నేను చెప్తే వినదు. నేనెప్పుడు చెప్పా గనక?"

సామ్యేలు లేచి మంచం కింద నుంచి పాత బూట్లు తీశాడు. అప్పటికి అతనికి యాభై ఏడు. నడుం నొప్పికి బెల్టు పెట్టుకుంటున్నాడు.

ఆ సాయంత్రం దేవికని దాదాపు లాక్కొచ్చినట్టే గ్రౌండ్‌కి తీసుకొచ్చారు. సామ్యేలు వల ఎప్పుడో చివికిపోయిన ఆ గోలు ముందు నిలబడ్డాడు. ఆమె బంతిని మెల్లగా, పక్కింటివాళ్లకి గిన్నె అందించినట్టు అతని వైపు తోసింది.

"ఏంది ఇది?" అన్నాడు సామ్యేలు.

"భయంగా ఉంది మాస్టారూ. పడితే మళ్లీ పోయిద్ది."

సామ్యేలు బంతి వెనక్కి విసిరి, ఇంకోటి కొట్టమన్నాడు. ఆమె మళ్లీ అలాగే తోసింది. అతనికి రెండు గజాల దూరంగా, నడిచి వెళ్లి తీసుకోవలసిన బంతి. సామ్యేలు నడవలేదు. ఒక్కసారిగా పక్కకి ఎగిరి, ఆ కంకర మీద పొడుగ్గా పడ్డాడు. మోచేయి చీరుకుపోయింది. ఎర్రదుమ్ము లేచింది. గట్టున నిలబడ్డ బ్రహ్మయ్య "అయ్యో!" అని రెండడుగులు ముందుకొచ్చాడు.

"మాస్టారూ!" అంటూ దేవిక పరిగెత్తింది. గోడ పట్టుకోకుండా మెట్టు దిగని మనిషి, తను పరిగెత్తుతున్న సంగతే మర్చిపోయి పరిగెత్తింది.

సామ్యేలు మోకాళ్ల మీద లేచాడు. నడుం పట్టుకుని నిలబడ్డాడు. మోచేతి నుంచి కారుతున్న రక్తం చూపించాడు.

"పడ్డానా? లేచానా? ఇంక నువ్వు కొట్టు. లేదంటే చీకటి పడేదాకా ఇట్టాగే పడతా ఉంటా."

దేవిక ఏడుస్తూనే వెనక్కి వెళ్లింది. ఏడుస్తూనే కొట్టింది. బంతి నేలబారుగా, అతని ఎడమ పాదం పక్కనుంచి బుల్లెట్టులా పోయి తుమ్మ మొక్కల్లో పడింది. సామ్యేలు అటు తిరిగి చూసి, రెండు చేతులూ పైకెత్తి, గోలు తనే కొట్టినట్టు కేక పెట్టాడు. బ్రహ్మయ్య కండువాతో మొహం తుడుచుకుని, బంతి తేవడానికి తుమ్మ మొక్కల్లోకి వెళ్లాడు.

దేవిక ఆ తర్వాత ఇంకో ఆరేళ్లు ఆడింది. మొత్తం మీద రెండు వందల పద్దెనిమిది గోల్స్. ముప్పై మూడో ఏట, కాలు ఇంకా మాట వింటుండగానే ఆపేద్దామనుకుంది. చివరి మ్యాచ్‌లో గోలు కొట్టలేదు. దిగులు కూడా పడలేదు. పిలిస్తే వచ్చేది కాదు కదా గోలు అనుకుని నవ్వుకుంది.

ఇంటికొచ్చిన మూడో రోజు తండ్రిని తీసుకుని విజయపురి సౌత్ బయలుదేరింది. రిటైరయ్యాక సామ్యేలు దంపతులు అక్కడ చిన్న ఇల్లు కట్టుకున్నారు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంది. మాచర్ల దాటేసరికి అదంతా మర్చిపోయింది.

సామ్యేలు వసారాలో కూర్చుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. మహాలక్ష్మి లోపల చేపల పులుసు పెడుతోంది. వాసన వీధిలోకి వస్తోంది. బ్రహ్మయ్య ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోకుండా సామ్యేలు పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"నడుం ఎట్టా ఉంది, అన్నా?" అన్నాడు.

అన్నా అన్న మాట విని దేవిక తండ్రి మొహంలోకి చూసింది. ఆయన అటు చూడలేదు.

"ఉందిలెండి, నాతో పాటే" అన్నాడు సామ్యేలు.

దేవిక కింద మెట్టు మీద కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, తోచినట్టు మొదలుపెట్టింది.

"మాస్టారూ, మీకు నేను ఎప్పుడూ చెప్పలా. ఆ రోజు కలకత్తా వచ్చినందుకు. డ్యూటీ దిగి, పట్టాల మీద అంత పనిచేసి, రోజూ వచ్చి నిలబడ్డందుకు. ఆ కంకర మీద పడ్డందుకు..." అని మాట ముగించకుండానే, "చానా థాంక్సండి" అనేసింది. ఇంగ్లీషు మాట చిన్నదైపోయిందని ఆమెకే తోచింది.

సామ్యేలు అరచేతులు చూసుకున్నాడు. ఒక వేలు వంకరగా ఉంది, ఎప్పటిదో.

"అట్టయితే నేను కూడా ఒకటి చెప్పాల" అన్నాడు నెమ్మదిగా. "జట్టు తీసేసినాక అందరూ వేరే ఆటలు చూసుకున్నారు. గోలు కొట్టేవాడు ఒక్కడైనా ఆడుకోవచ్చు. గోల్‌కీపర్ ఎట్టా ఆడుకుంటాడమ్మా? ఎవరో ఒకరు కొట్టాలగా. నువ్వు పుస్తకాల సంచీ కింద పెట్టినప్పుడు నా పానం లేచొచ్చింది. ఎనిమిదేళ్ల ఆట ఇచ్చావ్ నువ్వు నాకు. నేను కూడా నీకు చెప్పలా."

దేవిక మెట్టు మీదే కాస్త జరిగి, అతని మోకాలికి తల ఆనించింది. సామ్యేలు ఆమె తల మీద చేయి పెట్టాడు.

"మాటలతోనే కడుపు నింపుకుంటారా? లేవండి" అని లోపల నుంచి మహాలక్ష్మి కేక వేసింది.

నలుగురూ ఒకే చాప మీద కూర్చున్నారు. బ్రహ్మయ్య రెండోసారి పులుసు అడిగి వేయించుకున్నాడు.