ఉప్పుకుప్ప మీది చక్రవర్తి

లక్ష్మణమ్మ కళ్లముందే పొక్లెయిన్ ఉప్పుమడి గట్టు తెంపేసింది. పొద్దున గీసి కుప్పపోసిన ఉప్పంతా మట్టిపాలైంది. ఇద్దరు పోలీసులు టీ తాగుతూ చూస్తున్నారు.

"ఇది చక్రవర్తిగారి కోట స్థలం. నడండి," అన్నాడు సూపర్‌వైజర్.

ఏ చక్రవర్తి? ఎక్కడి కోట? చెబితే నవ్వొస్తుంది, ఆ తర్వాత కడుపు మండుతుంది. నౌపడ దగ్గరి ఆ మడుల్లో ఏటా తొలి ఉప్పు తీసిన రోజున కూలీలు ఒక ఆట ఆడేవారు. తమలో ఒకణ్ని కుప్ప మీద కూర్చోబెట్టి, నెత్తిన గంప బోర్లించి, లవణ చక్రవర్తి అని దండాలు పెట్టేవారు. "ఈ బూమంతా నీదే దొరా" అని పకపకా నవ్వేవారు. లేని చక్రవర్తి, పూటసేపు రాజ్యం.

మడుల కాంట్రాక్టరుగా పృథ్వీరాజ్ వచ్చిన ఏడాది వేటమాంసంతో భోజనాలు పెట్టాడు. జనం మురిసిపోయి అతన్నే కుప్ప ఎక్కించారు. చెయ్యి పట్టి ఎక్కించింది లక్ష్మణమ్మ మొగుడు గంగులే. పృథ్వీరాజ్ మనుషులు అదంతా వీడియో తీశారు. అదే కొంప ముంచింది. ఇప్పుడు లవణ చక్రవర్తి నిజంగానే ఏలాడట, పృథ్వీరాజ్‌ది ఆ వంశమేనట, భూమి అతనిదని జనమే ఒప్పుకున్నారట. టీవీలో అదే వీడియో. మడులు పూడ్చి కోటలాంటి రిసార్టు కడతారట. నమ్మేవాళ్లకి బుద్ధి లేదనుకుందాం, సంతకాలు పెట్టిన అధికారులకి ఏం లేదనుకోవాలి?

ఆ సాయంత్రం ఉప్పు షెడ్డులో కూలీలు మీటింగు పెట్టారు.

"కోర్టుకెల్దాం," అన్నాడు యూనియన్ పెద్ద ఎర్రన్న.

"అది తేలేసరికి మడులు మిగుల్తాయేటి? రేపు మిసను ముందు కూకుందాం," అంది లక్ష్మణమ్మ.

"కేసులెడతారే. కోటలో పనిస్తానంతన్నాడు గదా. పిల్లలకేటి పెడతావు?" అన్నాడు గంగులు.

"సిగ్గు నేదా మావా? ఆడ్ని కుప్పెక్కించింది నువ్వు గాదా?"

"నానే. అందుకే ఆడికి ఎదురెల్డానికి మొకం సెల్తా నేదు."

మర్నాడు ఆడవాళ్లు కూర్చున్నారు. లాఠీలు విరిగాయి, ఎర్రన్న జైలుకి పోయాడు, మడులు పూడిపోయాయి. కోర్టులో వాయిదా మీద వాయిదా. మగవాళ్లు ఒక్కొక్కరే కోటలో పనికి చేరారు. గంగులుకి రేకు కిరీటం, బల్లెం ఇచ్చి గేటు దగ్గర భటుడిగా నిలబెట్టారు. ఆ వేషంలో ఇంటికొచ్చిన రోజు లక్ష్మణమ్మ అతనికి కూడు పెట్టి, ఆ కిరీటాన్ని గుమ్మం అవతల పెట్టింది.

కోట ప్రారంభం రోజున పదిమంది ఆడవాళ్లు ఉప్పు గీసే పలకలు పట్టుకుని గేటుకి అడ్డంగా కూర్చున్నారు. అంతకు మించి ఎవరూ రాలేదు. కార్లు ఆగిపోయాయి.

"ఒరే గంగులూ, నీ పెళ్లాన్ని ఈడ్చి పారెయ్," అన్నాడు సూపర్‌వైజర్.

గంగులు బల్లెం కింద పెట్టి, వచ్చి లక్ష్మణమ్మ పక్కన కూర్చున్నాడు.

"నాకు సేతగాదు బాబూ," అన్నాడు.

పోలీసులు అతన్ని ఆ వేషంతోనే కొట్టుకుంటూ జీపెక్కించారు. మిగతా భటులు తలలు దించుకుని నిలబడ్డారు. లోపల బ్యాండు మోగింది, రిబ్బను తెగింది. ఇక ఆ నేల మీద ఉప్పు పండదని లక్ష్మణమ్మకి తెలుసు. లేచి, చీర దులుపుకుని, తానే జీపెక్కింది.

"నిన్నెవడు ఎక్కమన్నాడే?" అన్నాడు ఎస్సై.

"ఎవుడూ అనక్కర్నేదు. జరుగు బాబూ, ఎనకాల ఇంకా తొమ్మిది మందున్నారు."