రెండు వేళ్ల సందు

మరిదికి వదినంటే పడదు. పడదన్నది మర్యాదకు చెప్పే మాట. ఆమె షెడ్డులో అడుగు పెడితే చాలు, అతని ఒంటికి కారం రాసినట్టుండేది. అన్న పోయిన ఈ రెండేళ్లుగా ఆ చెక్కపని షెడ్డుకు ఆమే యజమాని, ఇతను మేస్త్రి. ఇరవై రెండేళ్లు రంపం పట్టిన చెయ్యి ఇతనిది. మౌసు తప్ప మరొకటి పట్టని చెయ్యి ఆమెది. అయినా పెత్తనం ఆమెది. ఈ సంగతి అతనికి ఏనాడూ మింగుడు పడలేదు.

అది చాలదన్నట్టు ఆసుపత్రి పని వచ్చింది. అరవై నాలుగు గదులు, గదికో గోడ అల్మారా. కట్టేవాళ్లు ఒక షరతు పెట్టారు. గోడలు, పైపులు, తీగలతో సహా భవనమంతా వాళ్ల కంప్యూటర్లో ఒకే మోడల్‌గా ఉంటుందట, ఎవరి పని వాళ్లు అందులో అమర్చి చూపాలట. వదిన నెల రోజులు వాళ్ల ఇంజనీరుతో కూర్చుని షెడ్డులో డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్‌ని ఆ మోడల్‌కు కలిపింది. ఇక అక్కడ గోడ జరిగితే ఇక్కడ అల్మారా కొలత దానంతటదే మారుతుంది. ఆ కొలతే కోత మిషనుకు పోతుంది. మధ్యలో మేస్త్రి టేపుకి చోటు లేదు.

"మరి నన్నేం చెయ్యమంటారు వదినా? మిషను తుడుస్తూ కూర్చోనా?" అన్నాడు.

"ముందు ఆ నోరు తుడుచుకో" అంది ఆమె, తెర మీంచి కళ్లు తిప్పకుండా. పనివాళ్లు ముసిముసిగా నవ్వారు.

మర్నాడు కోత లిస్టు తెచ్చి అతని బల్ల మీద పడేసింది. "చూసి చెప్పు. మూడు రోజుల్లో కోతకిస్తా."

మొదటి పేజీలోనే అతని వేలు ఆగిపోయింది. గోడలో ఖాళీ పన్నెండు వందల మిల్లీమీటర్లు. అల్మారా పదకొండు వందల తొంభై నాలుగు. అంటే అటు మూడు, ఇటు మూడు, అంతే! గోడ పుట్టుకతోనే వంకర అన్నది ఆ షెడ్డు మతం. అందుకే గోడకో వేలు చొప్పున అల్మారాను రెండు వేళ్లు తక్కువ చేసి, మిగిలిన సందు కనబడకుండా బీడింగ్ చెక్కపట్టీ కొట్టడం అన్న నేర్పిన పద్ధతి. పేజీలన్నీ తిప్పాడు. ఆ రెండు వేళ్లు ఎక్కడా లేవు. సాఫ్ట్‌వేర్‌ని ఆ మోడల్‌కు కలపడంలో ఎగిరిపోయాయన్నమాట. అరవై నాలుగింటిలో ఒక్కటీ పట్టదు.

చెబుదామని లేచాడు కూడా. గాజు గదిలో ఆమె ముఖం కనబడింది, నిన్నటి మాట గుర్తొచ్చింది. మళ్లీ కూర్చున్నాడు. ఆ మూడు రోజులూ గోతికాడ నక్కలా కాచుకున్నాడు. మునిగేది అన్న పెట్టిన షెడ్డే కదా అని లోపల ఏదో గొణిగింది. మునగనీ, అప్పుడు మేస్త్రి విలువ తెలుస్తుంది అని దాని నోరు నొక్కేశాడు.

"లిస్టు చూశావా?" అని మూడో రోజు ఆమె అడిగింది.

"బాగానే ఉంది."

"అంతేనా?"

"అంతే."

ఆమె ఒక్క క్షణం నిలబడి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే మిషను మొదలైంది.

బిగించే రోజున అతను చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. నలుగురు మనుషులు మొదటి అల్మారాను ఎత్తి గోడలోకి తోశారు. అది సొరుగులా లోపలికి జారిపోయింది. పైనుంచి కింది దాకా ఒకటే సన్న సందు. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"పూత ఆరాక ప్రతి గోడనీ లేజరుతో కొలిచి మోడల్లోకి ఎక్కించాం, వంకరతో సహా" అన్నాడు ఇంజనీరు గర్వంగా. మేస్త్రికి కడుపు మండిపోయింది. షెడ్డు నిలబడిందన్న సంతోషం గోరంతైనా కలగలేదు. అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వదిన పనివాళ్లను నాలుగోదానికి కిందికి పంపి అతని వైపు తిరిగింది.

"ఆ రెండు వేళ్లూ తీసేసింది నేనే. లిస్టు చూసి నువ్వు ఒంటికాలి మీద లేస్తావనుకున్నా. వచ్చి నాలుగు తిట్టుంటే, గోడల కొలతలు నీ చేతిలో పెట్టి బిగింపంతా నీకే ఒప్పజెప్పేదాన్ని. మూడు రోజులు చూశా. ఇప్పుడు చెప్పు. చూడలేదంటే నువ్వు మేస్త్రివి కాదు. చూశానంటే నాకు మరిదివి కాదు. ఏది?"

అడకత్తెరలో పోకచెక్కయ్యాడు. చూడలేదంటే నాలుగు చీవాట్లతో పోయేది. కానీ కోత లిస్టు చదవడం రానివాడని, అదీ ఈమె చేత, అనిపించుకోవడమా? చచ్చినా సరే!

"చూశాను" అన్నాడు. "మొదటి పేజీలోనే."

ఆమె ముఖం పాలిపోయింది. "అబద్ధమైనా చెబుతావనుకున్నా" అంది. "రేపట్నుంచి షెడ్డుకి రాకు" అంది.

మెట్ల మలుపులో నాలుగో అల్మారా ఇరుక్కున్నట్టుంది, కిందనుంచి కేక వినబడింది. "మేస్త్రీ! ఎటు తిప్పమంటారు?"

అతను నోరు తెరిచాడు.

"ఎడమకి తిప్పండి" అంది వదిన.