ఏడో లెక్కకు ఒక దెబ్బ

బాబాయి కొట్టులో పాత గ్రామఫోన్ రికార్డుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం. ముల్లు పెట్టి ఎక్కించడం ఆయన పని. గరగరలూ టిక్కుటిక్కులూ ఏరెయ్యడం నా పని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు.

ఆ సోమవారం ఒక పెద్దాయన రికార్డు తెచ్చాడు. కుర్రతనంలో స్నేహితులతో కలిసి చేసిన ప్రోగ్రెసివ్ రాక్ అనే పాశ్చాత్య బాణీ ఆల్బమ్‌ట. డ్రమ్స్ ఆయనవే.

"మా అమ్మాయి ఒక్కసారైనా చివరిదాకా వినాలమ్మా. పెట్టినప్పుడల్లా ఐదు నిమిషాలకే లేచిపోతుంది. గరగర భరించలేనంటుంది. ఆ సాకు లేకుండా చెయ్యి."

మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ అమ్మాయి మీదే జాలేసింది. వైపుకి ఒకే పాట, ఇరవై నిమిషాలు. పల్లవి ఎక్కడుందో తెలీదు.

"ఇది పాటా, పంచాయితీయా? ఎవరి మాట వాళ్లదే!" అన్నాడు బాబాయి.

రెండోసారి శుభ్రం చేస్తూ విన్నాను. రెండో వైపు, ఆర్గన్ వాద్యం ఒక్కటే మెల్లగా సాగే చోట, ఒక టిక్కు మళ్లీ మళ్లీ వచ్చింది. రికార్డు మీద అడ్డంగా గీత పడితే తిరిగినప్పుడల్లా అలాగే కొడుతుంది. ఒక్కటి మిగల్చకుండా తీసేశాను.

మూడోసారి సరిచూసుకోవడానికి పెట్టాను. మొదట గిటార్ వాయించిన చిన్న వరసే తర్వాత ఆర్గన్ కింద నక్కి ఉందని అప్పుడు తెలిసింది. నవ్వొచ్చింది. కానీ ఆ మెల్లని చోటు చివర గిటార్ తొందరపడి దూకినట్టుంది. అంత జాగ్రత్త గలవాడు ఇక్కడెందుకు తడబడ్డాడు?

నాలుగోసారి అసలు రికార్డే పెట్టాను. మధ్యనున్న కాగితం మీద సుద్దతో చుక్క పెట్టి చూస్తూ కూర్చున్నాను. గీతే అయితే చుక్క ఎప్పుడూ ఒకే చోటికి వచ్చినప్పుడు టిక్కు కొట్టాలి. ఒకసారి చుక్క నా వైపుంది, మరోసారి గోడ వైపు. వేళ్ల మీద లెక్కపెట్టాను. ఆర్గన్ వరస నాలుగు లెక్కలకోసారి మొదటికొస్తోంది, టిక్కు ఏడుకోసారి పడుతోంది. ఇరవై ఎనిమిదికి రెండూ కలుస్తున్నాయి. అలా కలిసినచోటే గిటార్ దూకింది.

అది గీత కాదు. పెద్దాయన డ్రమ్ మీద వాయించిన దెబ్బల్ని నేను ఏరి పారేశాను.

"బాబాయ్, రెండో వైపు మళ్లీ ఎక్కించాలి."

"ఐదింటికి వస్తానన్నాడు, పది నిమిషాలే ఉంది. చప్పుళ్లు తియ్యమన్నాడు, తీశావు. ఆయనకేం తెలుస్తుందే?"

"వాయించింది ఆయనే కదా!"

బాబాయి తల గోక్కుని ముల్లు తుడిచాడు.

సగం ఎక్కేసరికి పెద్దాయన రానే వచ్చాడు. తలొంచుకుని అంతా చెప్పేశాను. ఆయన కుర్చీలో కూలబడి నవ్వాడు.

"ఆ దెబ్బ తీసెయ్యమని మా గిటార్ వాడు నెల రోజులు పోట్లాడాడు. నీకు ఎన్నోసారికి దొరికింది?"

"నాలుగోసారికండీ."

నవ్వు ఆగిపోయింది. "నాలుగుసార్లా! మా అమ్మాయి ఒకసారి వినడమే గగనం."

"వినమనకండి," అన్నాను. "దెబ్బలు తీసేసిందీ, ఉన్నదీ, రెండు కాపీలూ ఇస్తాను. ఒకదాంట్లో నేను తప్పు చేశాను, ఎక్కడో పట్టుకోమనండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఎదుటివాళ్ల తప్పు పట్టడంలో అది అచ్చం వాళ్లమ్మ!" అంటూ అక్కడే ఫోన్ కలిపాడు.

"అమ్మలూ, ఈ కొట్టు పిల్ల నా రికార్డులో ఒక పొరపాటు చేసిందే..."

అవతలి గొంతు బాబాయికి కూడా వినపడింది.

"ఎక్కడ నాన్నా?"