బాణం దించకుండా బండెక్కిన ఆర్నీ

ఆ ఊళ్లో వేటకు లైసెన్సు కావాలంటే ఎవరైనా సరే ముందు ఆర్నీ కంగస్ పాఠం వినాల్సిందే. టౌన్‌హాల్లో కాఫీ పాత్ర పక్కన నిలబడి ఆయన గొంతు సవరించుకున్నాడంటే మడత కుర్చీలు కిర్రుమనడం కూడా మానేస్తాయి. మోటారు సైకిల్ మీదలా ఎక్కి కూర్చునే నాలుగు చక్రాల అడవి బండెక్కే ముందు విల్లు పెట్టెలో ఉండాలి. తుపాకీలా మీట నొక్కి బాణం వదిలే క్రాస్‌బో అయితే ఇంకా జాగ్రత్త. ఒకసారి లాగి బిగించిన తాడును చేత్తో మెల్లగా వదలడం కుదరదు. ఒక పాత మొండి బాణం పెట్టి మెత్తటి నేలలోకి కొట్టి దించెయ్యాలి. ఆ తర్వాతే పెట్టె, ఆ తర్వాతే బండి.

పాఠం చివర ఒక కథ ఉంటుంది. అందులో వెధవ ఎప్పుడూ ఒకడే, ఆర్నీ బావమరిది డ్వేన్. తాడు దించని క్రాస్‌బోను బండి ముందు రబ్బరు తాళ్లతో కట్టి, తన బండి హెడ్‌లైటును తనే పగలగొట్టుకున్న మహానుభావుడు. మొదట్లో పగిలింది ఒక్క హెడ్‌లైటే. ఏళ్లు గడిచేకొద్దీ ఆర్నీ నోట అది రెండైంది. ఈమధ్య రేడియేటరుకు కూడా చిల్లు పడింది. జనం పడీపడీ నవ్వుతారు. డ్వేన్ పచారీ కొట్టుకు వెళ్లినా సరే, ఎవరో ఒకరు హెడ్‌లైటు సంగతి అడగకుండా వదలరు.

కిందటి చలికాలం ఆర్నీకి ఆపరేషన్ చేసి తుంటి కీలు మార్చారు. ఇక అడవి మాటెత్తొద్దని భార్య లోయిస్ ఖరాఖండిగా చెప్పేసింది. ఆర్నీ బతిమాలాడు, అలిగాడు, అన్నం మానేస్తానని బెదిరించి ఒక పూట నిజంగానే మానేశాడు. చివరికి ఆమె ఒక మెట్టు దిగింది.

"సరే వెళ్లు. కానీ మా డ్వేన్ పక్కనుండాలి, వాడి బండి మీదే వెళ్లి రావాలి. చిన్న గీత పడినా అదే ఆఖరు, చెప్తున్నా."

ఇంకెవరి వెంట వెళ్తాడు? జట్టులోని మిగతావాళ్లలో సగంమంది చలికి తట్టుకోలేక ఫ్లోరిడా చేరారు, సగంమంది చర్చి వెనక శ్మశానం చేరారు. అలా జాగ్రత్తలు నేర్పే పెద్దమనిషిని అజాగ్రత్తకు పేరుబడ్డవాడి చేతిలో పెట్టారు. ఆర్నీకి తల కొట్టేసినట్టయింది. అయినా ఒప్పుకున్నాడు. అడవి లేని అక్టోబరు నెల ఎలా గడుస్తుందో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

అక్టోబరులో ఒక సాయంత్రం ఆర్నీ తాడు బిగించి, బాణం పెట్టి కాపు కాస్తుంటే, దేవదారు చెట్ల చాటుకు పెద్ద దుప్పి ఒకటి వచ్చింది. చాలాసేపు నిలబడింది, చెవులాడించింది, బయటికి మాత్రం రాలేదు. చీకటి పడుతుండగా డ్వేన్ బండి దూరంగా ఆపి నడిచి వచ్చాడు. సన్నగా మంచుతుంపర మొదలైంది.

"పోదామా బావా? అది దించావా?"

"నాకు చెప్తున్నావా నువ్వు?" అన్నాడు ఆర్నీ.

దించలేదు. ఇక్కడ దించితే తాడు చప్పుడుకు దుప్పి బెదిరి మళ్లీ ఈ ఛాయలకు రాదని ఆయన లెక్క. క్యాంపుకు వెళ్లాక గడ్డిమోపులోకి కొట్టెయ్యొచ్చులే అనుకున్నాడు. పోనీ బాణమైనా తీశాడా అంటే, అదీ లేదు. దారిలో దుప్పి ఎదురైతేనో? అసలు బండి మీంచి కొట్టడమే నేరమని ముప్పై కుర్చీల ముందు నిలబడి చెప్పే మనిషి అనుకున్న మాట ఇది. పెట్టె ఖాళీగా బండి వెనక కట్టే ఉంది. ఆయన క్రాస్‌బోను మోకాళ్ల మధ్య పట్టుకుని, మొన కిందికి పెట్టి, డ్వేన్ వెనకాల ఎక్కి కూర్చున్నాడు.

బండి ఒక వేరు మీద ఎగిరిపడింది. ఠప్పుమని చప్పుడైంది. బండి ఆగింది.

డ్వేన్ మెల్లగా అన్నాడు.

"బావా, నా కాలు కదులుతోంది కానీ బూటు కదలట్లేదు."

బాణం అతని పిక్కను గీరుకుంటూ, బూటును చీల్చుకుని, కాలు పెట్టుకునే పలకలోకి దిగబడింది. బూటు అక్కడే మేకు కొట్టినట్టు ఉండిపోయింది. డ్వేన్ కాలు బయటికి లాక్కుని, నెత్తురుతో తడిసిన మేజోడు వంక చూసుకుని నవ్వబోయాడు. ఆర్నీ ముఖం చూసి మానేశాడు.

"చంపేసేవాణ్ణిరా నిన్ను."

"చంపలేదుగా. నాలుగు కుట్లు పడతాయి, అంతే. అక్కకు నేను చెప్తాలే."

"ఏమని?"

"దించుతానని నీ దగ్గర తీసుకుని, మర్చిపోయి నీ చేతికే ఇచ్చానని. నా పేరు ఎలాగూ బురదలోనే ఉంది బావా. ఇంకో రెండు చుక్కలు పడితే ఎవడికి కనిపిస్తుంది?"

వద్దురా అనాల్సింది. ఆర్నీ అనలేదు. సిగ్గేసింది, నిజమే. కానీ సిగ్గుకన్నా ముందు వచ్చింది, హమ్మయ్య అన్న నిట్టూర్పు.

కుట్లు వేయించుకుని ఇంటికి వచ్చేసరికి లోయిస్ ఏలకుల రొట్టె కోసి, కాఫీ పోసి సిద్ధంగా ఉంది. డ్వేన్ అనుకున్నట్టే చెప్పాడు. చక్కగా చెప్పాడు, మధ్యలో తనను తాను రెండు తిట్లు కూడా తిట్టుకున్నాడు. ఆమె చివరిదాకా విని కప్పు కింద పెట్టింది.

"బాణం కాస్త అటూ ఇటూ అయితే ఈయనకు కొత్త తుంటి కూడా ఉండేది కాదు. నీకెప్పుడొస్తుందిరా బుద్ధి? ఇక ఈయన నీతో అడవికి రాడు. ఈ ఏడే కాదు, ఎప్పుడూ రాడు. ఆ దిక్కుమాలినదాన్ని కూడా నువ్వే తీసుకుపో. నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

అడవిని నిలబెట్టుకోవడానికి ఆడిన అబద్ధం అడవినే తీసుకుపోయింది. ఎటు తిరిగినా నష్టమే అయినప్పుడు నిజం చెబితే కనీసం డ్వేన్ అయినా బయటపడతాడు. ఆర్నీ లేచి నిలబడ్డాడు.

"లోయిస్, వాడు కాదు, నేను. నేనే దించలేదు. వాడు అడిగాడు కూడా. నేనే వాణ్ణి కసిరాను."

లోయిస్ ఆయన వంక చూసింది. చూస్తూ చూస్తూ ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. దగ్గరికి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఎంత మంచివాడివయ్యా. ఇన్నాళ్లూ వాణ్ణి ఊరందరి ముందూ ఏడిపించావు. ఇవాళ వాడికి కష్టమొస్తే నెత్తిన వేసుకుంటున్నావు."

"నెత్తిన వేసుకోవడం కాదే, నిజం. ఒరేయ్, చెప్పరా."

"నిజమే అక్కా. బావే దించలేదు," అన్నాడు డ్వేన్.

"నువ్వు నోరు మూసుకో. ఆయన మంచితనాన్ని అలుసుగా తీసుకుంటున్నావా? ఇరవై ఏళ్లుగా దించు దించు అని ఊరందరికీ నేర్పినవాడు, తాడు దించకుండా బండెక్కుతాడా? నా చెవుల్లో పువ్వులు పెట్టకండి."

ఆర్నీ ఇంకో రెండుసార్లు చెప్పి చూశాడు. చెప్పినకొద్దీ ఆమెకు ఆయన మీద గౌరవం పెరిగిపోతోంది. చివరికి ఆమె ఫోను తీసుకుని, ఈ మంచితనం గురించి స్నేహితురాలికి చెప్పడానికి పక్క గదిలోకి వెళ్లింది. రేపటికల్లా ఊరంతా తెలుస్తుంది. నిజం చెప్పినా మనిషి మాటకు విలువ లేకపోవడం ఏమిటో ఆర్నీకి అప్పుడు తెలిసింది.

డ్వేన్ చిరిగిన బూటులో కాలు దూర్చుకున్నాడు.

"పోనీలే బావా. నువ్వు చెప్పావు. నేను విన్నాను."

డ్వేన్ క్రాస్‌బోను చంకన పెట్టుకుని, కుంటుకుంటూ వాకిట్లోకి దిగాడు. తాడు దించి ఉందని తెలిసినా మళ్లీ ఒకసారి వేలితో తడిమి చూశాడు. బాణాలు విడిగా డబ్బాలో వేశాడు. క్రాస్‌బోను పెట్టెలో పడుకోబెట్టి, గొళ్లేలు రెండూ బిగించి, పెట్టెను బండి వెనక అడ్డంగా, నిలువుగా కట్టి, కదులుతుందేమోనని ఊపి చూశాడు. కిటికీలోంచి చూస్తున్న ఆర్నీకి తప్పుపట్టడానికి ఏమీ దొరకలేదు.