బోణీ కాని సైటు

ఇంకొల్లు రోడ్డులో వీరాంజనేయులుకు చిన్న కారం మిల్లు ఉంది. ఆరేళ్లపాటు అతను ఒక పెద్ద ఆన్‌లైన్ సైటులో కారం అమ్మాడు. సాయంత్రం కొరియర్ వ్యాను వచ్చి హారన్ కొట్టేది. మిల్లులో పనిచేసే రెబ్కా ప్యాకెట్లకు లేబుళ్లు అంటించి ఎక్కించేది. లేబుల్ మీద ఒక పేరు ఉండేది, సైటులో రివ్యూ కింద ఇంకో పేరు ఉండేది. ఏ రివ్యూ ఎవరు రాశారో తెలిసేది కాదు.

ఘాటుకు తేజ మిరపకాయ, రంగుకు బ్యాడిగ కాయ. ఏది ఎంత పడాలో అతని భార్య సామ్రాజ్యం చూసేది. ఆమె పోయిన ఏడాది చనిపోయింది. ఆ తర్వాత పాళ్లు అతనే కలిపాడు. కొన్నాళ్లకు సైటులో ఒక రివ్యూ వచ్చింది. "కారం మారింది. మీ ఇంట్లో అంతా కులాసాయేనా?" అని ఉంది. పేరు చోట ఒక ఇంగ్లీషు అక్షరం మాత్రమే ఉంది.

భార్య చనిపోయిందని, చేతనైనట్టు కలుపుతున్నానని అతను జవాబు రాశాడు. చివర ఫోన్ నంబరు పెట్టాడు. నంబర్లు ఇవ్వడం నిబంధనలకు విరుద్ధమని సైటు ఆ జవాబును తీసేసింది. మళ్లీ రాస్తే మళ్లీ తీసేసింది. ఆ నెలాఖరుకు అతను అక్కడ అమ్మడం మానేసి సొంత సైటు పెట్టుకున్నాడు. కమీషన్ భరించలేకపోయానని ఊళ్లో చెప్పాడు.

సైటు చేసిచ్చింది నరసరావుపేట అమ్మాయి తేజశ్రీ. నెల తిరిగినా ఒక్క ఆర్డరూ రాకపోవడంతో ఫోన్ చేసింది.

"అంకుల్, క్యాష్ ఆన్ డెలివరీ మీరే తీసేశారా? కొత్త సైటుకి ముందే డబ్బులు ఎవరు కడతారండీ?"

"బోణీ అరువుకి ఇస్తామా అమ్మా? ఒక్కటి కానీ. తర్వాత పెట్టుకుందాం."

"సైటుకి బోణీ ఏంటి అంకుల్?" అని ఆ అమ్మాయి నవ్వింది.

రెబ్కా తాను ఒక ప్యాకెట్ కొంటానంది. జాలిపడి చేసే బోణీ వద్దన్నాడు. ఆమె ఇంకో వారం చూసి గణపవరం స్పిన్నింగ్ మిల్లులో చేరింది. వ్యాను రావడం ఎప్పుడో మానేసింది. అయినా సాయంత్రమైతే వీరాంజనేయులు షట్టర్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం రాయపూర్ నుంచి ఫోన్ వచ్చింది. పెద్దావిడ గొంతు. పెద్ద సైటులో కారం కనబడకపోతే పాత ప్యాకెట్ వెనక నంబరు చూసి చేశానంది. ఆరేళ్లుగా ఆ నంబరు అక్కడే ఉంది. దానికి ఎవరూ చేయలేదు.

కిలో పంపమని, సరుకు అందాక మనవరాలితో డబ్బు వేయిస్తానని ఆవిడ చెప్పింది. అతను ఇబ్బందిపడుతూ డబ్బు ముందుగా పంపమన్నాడు.

"బోణీయా నాయనా?"

"అవునండీ. కొత్తగా తెరిచాం."

"అట్లా చెప్పు. మాది తెనాలే, ఆమాత్రం తెలుసు. బోణీ అయినాక చెప్పు, తీసుకుంటా." ఫోన్ పెట్టేసింది.

వారం గడిచింది. సైటు తెరిచి చూస్తే ఆర్డర్ల చోట సున్నా ఉంది. ఎనిమిదో రోజు అతనే ఆ నంబరుకు ఫోన్ చేశాడు.

"బోణీ అయిందండీ."

"ఎవరు చేశారు?"

అతను ఆలోచించుకోలేదు. ఏటా కొత్త కాయ ఆడించినప్పుడు మొదటి ప్యాకెట్ కొనేది ఒక్కరే. కొంగు ముడి విప్పి, ఇంటివాళ్లకు తగ్గింపు లేదా అని బేరమాడి మరీ కొనేది.

"మా ఆవిడండీ."

"హమ్మయ్య," అంది ఆవిడ. "ఆ మధ్య మీ కారం మారింది. కలిపే చెయ్యి మారిందనిపించింది. ఇంట్లో కులాసాయేనా అని రాశాను కూడా. జవాబు రాలేదు. ఏదో అయిందనే అనుకున్నా. మీ ఆవిడ బాగానే ఉందన్నమాట."

వీరాంజనేయులు ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. ఆమె పోయిందని ఇప్పుడు చెబితే బోణీ మాట అబద్ధమవుతుంది.

"ఆఁ," అన్నాడు.

"ఈసారి పాళ్లు ఆవిడనే చూడమను నాయనా."

"చెబుతానండీ."

ఆవిడ పేరు అనసూయమ్మ. అడ్రస్ చెబుతుంటే అట్టపెట్టె మీదే రాసుకున్నాడు. రాయపూర్‌లో తెలుగువాళ్లు బాగానే ఉన్నారని, ఈ కారం వేసిన పచ్చడి అందరికీ ఇస్తానని ఆవిడ ఇంకాసేపు మాట్లాడింది. అతను విన్నాడు.

తర్వాత లోపలికెళ్లి ఉన్న కారాన్ని పక్కన పెట్టాడు. రెండు రకాల కాయలూ విడిగా ఆడించి పళ్లెంలో కలిపాడు. చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. తేజ కారం ఇంకో గరిటె కలిపి మళ్లీ చూశాడు. కళ్లు మండాయి. మూడోసారికి నాలుకకు ఏమీ తెలియలేదు. చాలిందో లేదో అడగడానికి షెడ్డులో ఎవరూ లేరు. అలాగే ప్యాకెట్ కట్టాడు.