ఏడో క్లాసు పాపకు షటిల్ బ్యాట్

"పాప ఏ క్లాసమ్మా?" అని అడిగాడు ఇంతియాజ్. నాగర్‌కర్నూల్‌లో ఆయనది ఆట సామాన్ల దుకాణం. షటిల్ బ్యాట్ కావాలన్నానే గాని ఎవరికో నేను చెప్పలేదు. "ఏడు," అనేశాను. లేని బిడ్డకు క్లాసు ఎంత చటుక్కున దొరికిందో నా నోటికి. ఆయన లోపల వెతికి ఒక పొట్టి బ్యాట్ తెచ్చాడు. "గా వయసు పిల్లలకు ఇదే అల్కగుంటది." పిడి మరీ సన్నగా ఉంది, నా గోళ్లు నా అరచేతికే గుచ్చుకున్నాయి. అయినా కొన్నాను.

నా పెళ్లయి పదకొండేళ్లు. మా ఆయన మల్లేశ్ రోజూ సాయంత్రం క్లబ్బులో షటిల్ ఆడతాడు. చెమట బనీన్లు ఉతికేది నేను, తెల్ల సాక్సుల మట్టి వదలగొట్టేది నేను. బ్యాట్ ముట్టుకోబోతే మాత్రం "తీగలు వదులైతయి, పెట్టాడ!" అంటాడు. 2006 వేసవి సెలవుల్లో నేను పాఠాలు చెప్పే బడిలో ఆటల టీచర్ అఫ్రీన్ పొద్దున ఆరింటికి ఆడవాళ్లను పోగేసి ఆడిస్తోంటే, నేనూ పోతానన్నాను. నవ్వాడు. "పిల్లల్ని ఆడించే వయసుల నువ్వు ఆడుతవా?" మా అత్త కిష్టమ్మ వాకిట్లో అమ్మలక్కలు వినేలా అంది: "మా కోడలికి ఒళ్లెకు పిల్ల రాలే గని, చేతికి బ్యాటొస్తదంట." కోపం రావలసిన చోట నాకు సిగ్గేసింది. ఆ సిగ్గే దుకాణంలో పాపను పుట్టించింది.

మొదటి రోజు నేను కొట్టిందేదీ వల దాటలేదు. అఫ్రీన్ నా బ్యాట్ తీసుకొని చూసింది. "ఇది పిల్లలది మేడం! మీ చేతికెట్ల సరిపోతది? ఎవరికని చెప్పి తెచ్చిన్రు?"

మళ్లీ దుకాణానికి వెళ్లాను. "పాపకు నచ్చలేదా?" అన్నాడు ఇంతియాజ్. ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. "పాప లేదు భయ్యా. ఆడేది నేనే." ఆయన లోపలికెళ్లి నాలుగు బ్యాట్లు తెచ్చి, ఒక్కొక్కటీ పట్టుకొని ఊపి చూడమన్నాడు. "కొత్తగ నేర్సుకునేటోళ్లకు బరువుండొద్దు మేడం. తీగలు గూడ మస్తు బిగువుండొద్దు, చెయ్యి గుంజుతది." నా చెయ్యి నొస్తుందేమోనని ఇంట్లో ఒక్కరైనా ఎప్పుడూ అనుకోలేదు. పరాయి మనిషి ముందు నాకు ఏడుపొచ్చింది.

నేను కొత్త బ్యాటుతో ఇంట్లో అడుగుపెట్టగానే మల్లేశ్ అన్నాడు: "ఐతారం పొద్దుగాల ఆరింటి బస్సుకు పాలమూరు పోదువు. కొత్త డాక్టరమ్మ ఉందంట. మళ్ల మొదటి సంది పరీక్షలు చేయించుకో." ఇప్పటికి ముగ్గురు డాక్టర్లు నన్ను పరీక్షించారు. నాలో ఏ లోపమూ లేదని, మీ ఆయన్ను తీసుకురమ్మని ముగ్గురూ చెప్పారు. ఆయన కదల్లేదు. ఈ సంగతి అత్తకు ఆయన చెప్పలేదు, ఆయన పరువు పోతుందని నేనూ దాచాను.

అత్త కంచం ముందు కూర్చుని ఉంది. ఆమెకు వినబడేంత గట్టిగానే అన్నాను.

"ఐతారం ఆరింటికి నాకు ఆటుంది. ముగ్గురు డాక్టర్లు రమ్మన్నది మిమ్మల్ని. బస్సు మీరెక్కుండ్రి."