అక్క మంచం పక్క నీలగిరి మొక్క

పొద్దున్నే ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోగా నీలగిరి మొక్కను కాస్త తిప్పి పెట్టడం తమ్ముడికి అలవాటు. తిప్పకపోతే కొమ్మలన్నీ కిటికీ వైపే వంగిపోయి, వెనకంతా బోడిగా తయారవుతుంది. మొక్క ఉన్నది ఓ పాత రంగు డబ్బాలో. ఆ డబ్బా కిటికీకీ అక్క మంచానికీ మధ్య, ఆమె చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటుంది.

తమ్ముడంటే కుర్రవాడేమీ కాదు. అరవై దాటాయి, మోకాళ్ళు మాట వినడం మానేశాయి. అక్క పిలిచే పిలుపు విని వీధంతా అలాగే పిలుస్తుంది. ముసలమ్మలూ తమ్ముడే అంటారు, వాళ్ళ మనవలూ తమ్ముడే అంటారు. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, బట్టల మూటలు. వెనక గదిలో అక్క. మధ్యన ఓ తలుపుండేది గానీ, అక్క దగ్గు వినబడటం కోసం దాన్ని ఊడదీసి గోడకు ఆనించేశాడు.

నూలు మిల్లులో పనిచేసి అక్క అతన్ని పెంచింది. ఆ దూది నుసంతా ఆమె ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుంది. ఆమె కోసమే బొగ్గుల పెట్టె మానేసి కరెంటు పెట్టె కొన్నాడు. నీలగిరి గాలి మంచిదని ఎవరో అంటే, నాలుగాకుల మొక్కను బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. డాక్టరు మాత్రం ఒక్కటే చెప్పాడు: నీళ్ళు బాగా తాగించాలి, అవి లోపలికి పోకపోతే ఇక తన చేతుల్లో ఏమీ లేదు.

తమ్ముడు గ్లాసు నింపి మంచం పక్క స్టూలు మీద పెట్టి వెళ్తాడు. తిరిగొచ్చేసరికి ఖాళీ. ఆ ఖాళీ గ్లాసు చూస్తే అతనికి పట్టరాని సంతోషం. "మొత్తం తాగేశావే! భేష్!" అని, ఆ హుషారులో నాలుగు చొక్కాలు ఎక్కువే ఇస్త్రీ చేసేవాడు. అక్క మాత్రం చిక్కిపోతూనే ఉంది. మొక్క కూడా అంతే. వెండి రంగు గుండ్రటి ఆకులు అంచుల్లో నల్లబడి, ముట్టుకుంటే చేతిలోకి రాలుతున్నాయి. ఇద్దరిలో ఏ ఒక్కరికీ ఏమీ చెయ్యలేకపోతున్నానని అతనికి ఏడుపొచ్చేది.

ఓ రోజు బట్టల కోసం వచ్చిన తోటమాలి అక్కను పలకరించడానికి లోపలికొచ్చి, డబ్బాలో వేలు గుచ్చి, తీసి వాసన చూశాడు.

"వేరు కుళ్ళిపోతోంది తమ్ముడూ. ఇన్నేసి నీళ్ళు పోస్తారా ఎవరైనా? ఇది మొక్కనుకున్నావా, బాతనుకున్నావా?"

"రెండ్రోజులకోసారే పోస్తాను, అన్నా. అవీ చెంబుడు కూడా ఉండవు."

"మరి ఇంట్లో వర్షం పడుతోందా?"

అక్క కళ్ళు మూసుకుని పడుకుంది.

మధ్యాహ్నం ఓ చొక్కా కాలరు మీద పెట్టె నడుపుతూ తమ్ముడు ఊరికే తలెత్తాడు. వెనక గదిలో అక్క మోచేతి మీద లేచింది. గ్లాసందుకుని ఓ గుక్క పట్టి చూసింది. మింగుడు పడలేదు. పక్కనున్న గుడ్డలోకి ఉమ్మేసి, కాసేపు ఆయాసం తీర్చుకుంది. తర్వాత చెయ్యి చాపి, చప్పుడు కాకుండా, మిగతా నీళ్ళన్నీ డబ్బాలో పోసింది. ఖాళీ గ్లాసు స్టూలు మీద పెట్టి వెల్లకిలా పడుకుంది.

తమ్ముడు కాలరు మాడిన వాసన వచ్చేదాకా పెట్టె ఎత్తలేదు.

చిన్నప్పుడు ఓసారి జ్వరం పడి లేచాక అతనికి పాలు సయించేవి కావు. కిటికీలోంచి పారబోసి, మూతి తుడుచుకుని, ఖాళీ గ్లాసు చూపించేవాడు. "తాగేశావా? భేష్!" అనేది అక్క. కిటికీ కింద గోడ మీద పాలచారలు రోజూ ఎవరు కడిగేవారో అతనికి చాలా ఏళ్ళకు గానీ తట్టలేదు.

వెళ్ళి గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"మొత్తం తాగేశావే."

"దాహమేసిందిరా."

"భేష్," అన్నాడు.

వీధిలోకి వెళ్ళి డాక్టరుకు ఫోన్ చేసి, నీళ్ళు గొంతు దిగడం లేదని చెప్పాడు. "చెప్పాను కదా, ఇక దగ్గరుండి చూసుకోండి," అన్నాడాయన మెత్తగా. తమ్ముడు లోపలికొచ్చి, ఉక్కగా ఉందన్న వంక పెట్టి, తడిగుడ్డతో అక్క పెదాలు తడిపాడు.

"మొక్క పోతుందేమోరా," అంది అక్క.

"పోతే పోనీ. ఇంకోటి తెస్తాలే."

అతను గ్లాసు మళ్ళీ నిండుగా నింపి స్టూలు మీద పెట్టాడు. డబ్బాను జానెడు అవతలికి జరిపితే మొక్క బతుకుతుందేమో. కానీ అప్పుడు అక్క ఆ నీళ్ళు ఎక్కడ పొయ్యాలి? అందుకని జానెడు మంచం వైపే జరిపి, వెళ్ళి బల్ల దగ్గర నిలబడ్డాడు.

సాయంత్రం, మాడిన చొక్కా తాలూకు పెద్దమనిషిని బతిమాలుకుంటూ ఉండగా వెనక గదిలో దగ్గు ఆగింది. నిద్రపట్టిందిలే అని తమ్ముడు సంతోషపడ్డాడు. ఆయన్ని సాగనంపి, పెట్టె ఆపి, గ్లాసు తీద్దామని లోపలికి వెళ్ళాడు.

"అక్కా," అన్నాడు. మళ్ళీ అన్నాడు.

స్టూలు మీద గ్లాసు అతను నింపినది నింపినట్టే, అంచుదాకా నీళ్ళతో అలాగే ఉంది.